ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. జనగామ జిల్లా నర్మెట్ట మండలంలోని ఒక ప్రాథమికోన్నత పాఠశాల వంటగదిలో, ఒక బుధవారం పొద్దున, ఆ మాట చెల్లలేదు. వంటక్క గుండిగ మూత తీసి గంటెతో నడిమి నుంచి ఒక మెతుకు తీసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది. తర్వాత అంచు దగ్గరి మెతుకు తీసి అలాగే నలిపింది. ఆఖరుకు గంటె కాడను నిలువునా అడుగుదాకా గుచ్చి పైకి లాగి, దానికి అంటుకొచ్చిన మూడో మెతుకును చూసింది.

“ఇంట్ల ఒక్క మెతుకు సాలు సారు. ఈడ సాలది. అడుగున మెత్తగయితది, అంచుకు పలుకుంటది” అంది.

ఆ మూడు మెతుకులే నన్ను ఆ వంటగదిలో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాయి. జనగామ పక్కనే ఉన్న పెంబర్తి ఇత్తడి పని గురించి మనం ఎన్నో వ్యాసాలు రాసుకున్నాం. రేకును ఎలా కొడతారో, నగిషీ ఎలా తేలుతుందో వివరంగా చెప్పుకున్నాం. అక్కడికి కొద్ది దూరంలోనే రోజూ జరిగే ఈ పని గురించి మాత్రం వార్తల్లో చదవడమే తప్ప, ఒక పనితనంగా చూసి రాసింది తక్కువ. వంద మంది పిల్లలకు ఒకే వేళకు, ఒకే రుచితో, కొలత తప్పకుండా వేడి అన్నం పెట్టడం చిన్న విద్య కాదు.

పని పొయ్యి దగ్గర మొదలవదు, హాజరు పట్టీ దగ్గర మొదలవుతుంది. మొదటి గంటలో సారు పేర్లు పిలవడం అయ్యాక ఒక చిన్న కాగితం వంటగదికి వస్తుంది. ఆ రోజు దాని మీద రెండే అంకెలున్నాయి: 36, 55. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు 36 మంది, ఆ పైతరగతుల వాళ్లు 55 మంది. బడి పుస్తకంలో వంద పేర్లున్నాయి గానీ వచ్చింది 91 మంది. రెండు అంకెలు విడివిడిగా రాయడానికి కారణముంది. ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె లెక్క. ఆరు నుంచి ఎనిమిది దాకా అయితే 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె. మొదటివాళ్లకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, రెండోవాళ్లకు 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది ఈ కొలతల వెనకున్న లెక్క. ఎదిగే ఎముకకు తగ్గట్టు గిన్నె ఎదుగుతుందన్నమాట.

ఆ కాగితాన్ని వంటక్క గోడకున్న మేకుకు గుచ్చింది. కాసేపట్లోనే అది సరుకుగా మారింది. బియ్యం 11 కిలోల 850 గ్రాములు. పప్పు రెండు కిలోల 370 గ్రాములు. ఆకుకూర, కూరగాయలు కలిపి ఆరు కిలోలకు కాస్త తక్కువ. నూనె 600 గ్రాముల లోపే. ఇన్ని అంకెలు ఆమె నోటితో చెప్పదు. ఆమె దగ్గర ఒక రేకు డబ్బా ఉంది. నిండా పోసి పైన అరచేత్తో రాస్తే కిలో బియ్యం. పన్నెండు డబ్బాలు పోసి, చివరి దానిలోంచి ఒక దోసెడు వెనక్కి తీసింది. నేను కాగితం మీద గుణించి చూసుకుంటే తీయాల్సింది 150 గ్రాములు. ఆమె దోసిలి కూడా అంతే ఉంటుంది.

బియ్యాన్ని చాటలో పోసి చెరగడం మనింట్లో చూసిందే. ఇక్కడ చెరిగేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. 2021–22 నుంచి బడి మధ్యాహ్న భోజన పథకానికి పోషకాలు కలిపిన బియ్యం రావడం మొదలైంది. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి, యంత్రంలో ఒత్తి మళ్లీ గింజ ఆకారం తెస్తారు. అలాంటి గింజలు నూటికి ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. అవి రంగులో కొద్దిగా తేడాగా ఉంటాయి, నీళ్లలో ఒక్కోసారి తేలతాయి. కొత్తలో ప్లాస్టిక్ బియ్యమని ఊళ్లలో పుకారు పుట్టింది అందుకే. చెరిగే చేతికి అవి మట్టిబెడ్డల్లాగా, పాడైన గింజల్లాగా తోస్తాయి. ఏరి పారేస్తే మందే పోతుంది. అందుకే ఆమె వేళ్లు రాళ్లను ఏరుతూ ఆ గింజలను వదిలేస్తున్నాయి. కడగడం కూడా అంతే మితంగా: రెండు నీళ్లే, పైన తేలిన గింజ ఒలికిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి వంచడం.

ఇక ఎసరు. ఈ వంటంతటిలో నన్ను ఎక్కువసేపు కట్టిపడేసింది ఇదే.

మా ఇళ్లలో అన్నం వార్చేవాళ్లు. నీళ్లు ధారాళంగా పోసి, ఉడికాక మూతికి సిబ్బి పెట్టి, మసిగుడ్డతో పట్టుకుని గంజి వంపేవాళ్లు. మూడు సోలల బియ్యానికి అది బాగానే ఉంటుంది. పన్నెండు కిలోల బియ్యం, పైన నీళ్లు కలిసి ముప్పై కిలోలు దాటిన గుండిగను, అదీ సలసల మరుగుతున్నదాన్ని, ఇద్దరు ఆడవాళ్లు ఎత్తి వంచడం ప్రమాదం. పిల్లలు తిరిగే చోట మరీ ప్రమాదం. గంజితో పాటు నీళ్లలో కరిగే విటమిన్లు కొంత కాలవలో పోతాయి కూడా. అందుకే ఇక్కడ అత్తెసరు పద్ధతి. పోసిన నీళ్లన్నీ బియ్యమే తాగాలి, గుండిగ పొయ్యి మీదనుంచి కదలకూడదు.

అత్తెసరులో నీళ్ల కొలతే ప్రాణం. ఇంట్లో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోస్తాం కదా, ఆ లెక్కన పన్నెండు డబ్బాలకు ఇరవై నాలుగు పోయాలి. వంటక్క ఇరవై ఒకటి పోసింది. ఎందుకని అడిగితే “గుండిగ పెద్దగయితే నీళ్లు తక్కువ తాగుతది” అంది. ఆమె అనుభవంతో పట్టుకున్న సంగతి ఇది: ఆవిరి పోయేది పైనున్న వెడల్పులోంచే. గిన్నె పెద్దదయ్యే కొద్దీ లోపలి సరుకు పెరిగినంతగా మూతి వెడల్పు పెరగదు. కాబట్టి బియ్యంతో పోల్చి చూస్తే ఆవిరయ్యే నీళ్లు తగ్గుతాయి. మూడు డబ్బాల తేడా అదే. ఆ మూడూ పోస్తే అన్నం ముద్దయి గంటెకు అంటుకుంటుంది.

నీళ్లు తెర్లేదాకా బియ్యం వేయదు. చల్లటి నీళ్లలోనే వేస్తే లోతైన గుండిగలో అడుగు ముందు వేడెక్కి అక్కడి గింజ చిట్లిపోతుంది, పైగింజకు ఇంకా వేడే తగలదు. మరిగే నీళ్లలో వేస్తే గింజలన్నీ ఇంచుమించు ఒకేసారి వేడిలో పడతాయి. వేసిన వెంటనే పొడుగాటి కట్టె తెడ్డుతో అడుగు నుంచి పైకి రెండు మూడు సార్లు లేపింది. మళ్లీ మరుగు పట్టాక తెడ్డు పక్కన పెట్టేసింది. ఆ తర్వాత కలిపితే ఉబ్బిన మెతుకు విరుగుతుంది. తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి బడులకూ వసతిగృహాలకూ సన్నబియ్యం ఇస్తున్నారు. పిల్లలకు అన్నం ఇష్టమయింది, వంటవాళ్లకు మాత్రం పరీక్ష పెరిగింది. దొడ్డుబియ్యం కాస్త ఎక్కువ తక్కువలను ఓర్చుకుంటుంది. సన్నం ఓర్చుకోదు.

కాసేపటికి పైన నీళ్ల తడి కనపడకుండా పోయి, అన్నం మీద అక్కడక్కడా చిన్న చిన్న కన్నాలు పడ్డాయి. ఒక్కో కన్నంలోంచి ఆవిరి సన్నగా లేస్తోంది. అడుగున పుట్టిన ఆవిరి తనకు తాను తవ్వుకున్న దారులవి. వాటిని చూడగానే ఆమె వంగి పొయ్యిలోంచి రెండు కట్టెలు బయటికి లాగి బూడిదలో అణిచేసింది. నిప్పులు మాత్రం ఉంచింది. తడిగుడ్డ కప్పి, మూత పెట్టి, మూత మీద నీళ్ల చెంబు బరువుగా పెట్టింది. ఇక మగ్గడమే. మంట తీసేశాకనే ఆ కన్నాల్లోని ఆవిరి గుండిగ అంతటా పరుచుకుని పైమెతుకును ఉడికిస్తుంది. మొదట చెప్పిన మూడు మెతుకుల పరీక్ష దీని తర్వాతిది. నలిపిన మెతుకు నడుమ తెల్లటి చుక్క కనపడితే ఇంకా పలుకున్నట్టు. ఆ రోజు అంచు మెతుకులో చుక్క కనపడింది. నిప్పులను పొయ్యి గోడ వైపు ఆ అంచు కిందికి జరిపి ఇంకో ఐదు నిమిషాలు ఆగింది.

రెండో పొయ్యి మీద పప్పు. దీన్ని చూసుకునేది రెండో అమ్మ. నిబంధన ప్రకారం 25 మంది పిల్లల దాకా ఒకరు, 26 నుంచి వంద దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకూ ఒకరు చొప్పున వంటవాళ్లుంటారు. కందిపప్పు పొద్దున్నే నానేసింది. పసుపు, చెంచాడు నూనె వేసింది. నూనె వేస్తే నురగ పొంగి పొయ్యిలో పడదు. ఉప్పు, చింతపండు పులుసు పక్కన గిన్నెలో ఎదురుచూస్తూ ఉన్నాయి. పప్పు గుత్తికి మెదిగేదాకా పులుసు దాని దగ్గరికి రాకూడదు. “పులుసు ముందుగాల్నే వడితే పప్పు మొండికేస్తది” అందామె. ఆ మొండితనానికి కారణం పప్పు గింజలోని గోడలు. వేడికి మెత్తబడి విడిపోవాల్సిన ఆ గోడలను పులుపు గట్టిగా పట్టి ఉంచుతుంది. కఠినమైన బోరు నీళ్లలోని సున్నం కూడా అదే పని చేస్తుంది.

నర్మెట్ట ప్రాంతానికి నీళ్ల మాట కొత్త కాదు. ఒకప్పుడు ఇక్కడ వాన తప్పితే బావి, బావి తప్పితే బోరే దిక్కు. ఇప్పుడు గోదావరి నుంచి ఎత్తిన దేవాదుల నీళ్లు బొమ్మకూరు, గండిరామారం జలాశయాల దాకా వస్తున్నాయి, తాగే నీళ్లు మిషన్ భగీరథ నల్లాలో వస్తున్నాయి. 2016 అక్టోబరు 11న జనగామ జిల్లా ఏర్పడి ఈ మండలం అందులో చేరేనాటికే, ఇక్కడి వంటవాళ్లకు ఏ నీళ్లలో పప్పు ఎంతసేపు పడుతుందో కంఠతా వచ్చు. నల్లా నీళ్లు రాని రోజు పప్పు ఇంకో అరగంట ముందు ఎక్కాలి. అంతకు మించి ఆ విషయం మీద వాళ్లు మాట్లాడలేదు.

పాలకూర కడగడంలో ఒక చిన్న కిటుకు చూశాను. పెద్ద టబ్బులో నీళ్లు నింపి ఆకు ముంచి కదిలించి, నీళ్లను వంపేయకుండా, ఆకునే పైకి తీసి ఇంకో టబ్బులో వేసింది. నీళ్లు వంపితే అడుగున దిగిన ఇసుక లేచి మళ్లీ ఆకుకే పడుతుంది. మూడు టబ్బులు మారాక చివరి టబ్బు అడుగును చేత్తో తడిమి చూసింది. కరకర లేదు. అప్పుడు తరిగింది. తరిగాక కడగలేదు. పప్పు మెదిగాక ఆకు, ఆకు మగ్గాక పులుసు, ఉప్పు. ఈ వరస ఎటూ మారదు.

పోపు నూనె ఎంతో ముందే చెప్పాను. పప్పుకూ కూరకూ కలిపి 600 గ్రాముల లోపు, అంటే మనిషికి చెంచాడున్నర. అంత కొంచెం నూనెతో తొంభై మందికి పోపు వాసన తగలాలంటే గుండిగలో వేసి లాభం లేదు. చిన్న మూకుడులో పప్పు వంతు నూనెంతా కాచి, ఆవాలు చిటపటలాడాక జీలకర్ర, దంచిన ఎల్లిగడ్డ, ఎండుమిరపకాయ, కరివేపాకు వరసగా వేసి, ఒక్క ఊపున పప్పులో బోర్లించి వెంటనే మూత పెట్టేసింది. లోపల పొంగిన వాసన బయటికి పోయే దారి లేక పప్పులోనే దిగింది. మూకుడులో మిగిలిన నూనె జిడ్డును రెండు గంటెల పప్పు పోసి కడిగి మళ్లీ గుండిగలో కలిపింది. ఒక్క బొట్టు వృథా పోలేదు.

బుధవారం గుడ్డు రోజు. 91 మందికి 91. మూడు అట్టలు, పైన ఒకటి. చల్లటి నీళ్లలోనే వేసి పొయ్యి ఎక్కించింది, మరిగే నీళ్లలో వేస్తే పెంకు చిట్లుతుంది. నీళ్లలో కాస్త ఉప్పు వేసింది. ఎక్కడైనా పగులు పడితే కారిన తెల్లసొన ఉప్పు నీళ్లలో త్వరగా గడ్డకట్టి పగులును పూడుస్తుంది. వేసినప్పుడు రెండు గుడ్లు నిటారుగా లేచి తేలాయి. వాటిని తీసి పక్కన పెట్టి, వేరే రెండు తెచ్చి వేసింది. గుడ్డు పాతబడే కొద్దీ లోపల గాలి పెరుగుతుంది, తేలిందంటే అది పిల్లల పళ్లెంలోకి పోకూడదు. గుడ్డు తినని పిల్లలకు అరటిపండు.

ఈ వంటగది ఇక్కడికి రావడానికి చాలా కాలం పట్టింది. తమిళనాట కామరాజ్ 1950ల్లో, ఎం.జి.రామచంద్రన్ 1982లో బడి భోజనాన్ని పెద్ద ఎత్తున నడిపించారు. కేంద్రం 1995 ఆగస్టు 15న పథకం ప్రారంభించినా, చాలా రాష్ట్రాల్లో అది నెలకు మూడు కిలోల తిండిగింజల మూటగా ఇంటికి పోయింది. మూట ఇంట్లో ఎంతమందికి పంచబడుతుందో, ఆ పిల్లకు అందులో ఎన్ని మెతుకులు దక్కుతాయో ఎవరికీ తెలియదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రతి ప్రభుత్వ, ప్రభుత్వ సహాయ ప్రాథమిక పాఠశాలలోనూ వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో పొయ్యిలు వెలిగాయి. వంట బాధ్యతను ఊళ్లోని మహిళా సంఘాలకు అప్పగించారు. వంటవాళ్ల నియామకంలో దళితులకు, షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో కోర్టు మళ్లీ చెప్పింది. ఎవరి చేతి వంట ఎవరు తినాలన్న పాత లెక్కను ఆ ఒక్క వాక్యం పొయ్యి దగ్గరే తిరగరాసింది.

ఇందులో నాకు అన్నిటికన్నా నేర్పుగా కనపడే భాగం కంటికి కనపడదు. భోజనానికి కూపన్ లేదు, రేషన్ కార్డు అడగరు, తల్లిదండ్రుల ఆదాయం అడగరు. పొద్దున పేరు పిలిస్తే ‘ప్రెజెంట్ సార్’ అన్న మాటే చాలు, 150 గ్రాముల బియ్యం డబ్బాలోకి దిగుతుంది. ప్రపంచంలో అన్ని చోట్లా ఇలా లేదు. అమెరికాలో చాలాకాలం ఎవరి పిల్లలు ఉచితంగా తినవచ్చో ఆదాయ పత్రాలు నింపించి తేల్చేవాళ్లు, ఇప్పటికీ చాలా చోట్ల అంతే. కాలిఫోర్నియా రాష్ట్రం 2022–23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లోనూ, ప్రజాధనంతో నడిచే చార్టర్ బడుల్లోనూ అడిగిన ప్రతి పిల్లకూ పొద్దున, మధ్యాహ్నం ఉచితంగా పెట్టడం మొదలుపెట్టింది. ఆ దేశంలో అలా చేసిన మొదటి రాష్ట్రాల్లో అదొకటి. నర్మెట్ట పిల్లలకు పంక్తిలో పక్కవాడి పళ్లెం తన పళ్లెం లాంటిదే కావడం ఎప్పటినుంచో మామూలు సంగతి.

పన్నెండు దాటాక ఒక సారు, ఒక తల్లి వచ్చి రుచి చూశారు. పిల్లలకన్నా ముందు పెద్దలు తినాలన్నది నియమం. 2013 జూలైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో పురుగుమందు కలిసిన బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. రుచి చూసే ఆ పళ్లెం వెనక ఆ పిల్లలున్నారు. ఆ తల్లి పప్పు నోట్లో పెట్టుకుని ‘ఉప్పు సరిపోయింది’ అని రిజిస్టర్‌లో వేలిముద్ర వేసింది.

వడ్డన పొయ్యిమీది పనికన్నా తేలికేం కాదు. నూరు గ్రాముల బియ్యం ఉడికితే దాదాపు మూడింతల బరువు తూగుతుంది. చిన్నపిల్లల వరసకు వంటక్క గంటె నింపి ఒకసారి, పెద్దపిల్లల వరసకు నిండుగా ఒకసారి, తర్వాత పైన సగం వేస్తోంది. మొదటి విడత ఎవరికీ గుట్టగా వేయలేదు. ఒకటో తరగతి బుడ్డోడి పళ్లెంలో అన్నం నడుమ గుంట చేసి పప్పు అందులో పోసింది, పక్కకు కారి చొక్కా మీద పడకుండా. తర్వాత మారు వడ్డించడానికి వచ్చినప్పుడు పిల్లల చేతులకేసి చూసింది. పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టినవాళ్లను వదిలేసి, ఏమీ అనకుండా పైకి చూసినవాళ్లకు వేసింది. అడగడానికి మొహమాటపడే పిల్లలు అలా చూస్తారని తర్వాత చెప్పింది. ఒక ఆరో తరగతి అమ్మాయి పొద్దున ఇంట్లో ఏమీ తినకుండా తండా నుంచి నడిచి వస్తుందట. ఆ పళ్లెం దగ్గర గంటె కాస్త నిదానంగా వంగింది.

ఇంత పనికి డబ్బు లెక్క చెప్పకపోతే నా మనసొప్పదు. బియ్యం ప్రభుత్వమే ఇస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పుకారాలు, వంటచెరకు ఖర్చు కోసం 2025 మే నుంచి ప్రాథమిక పిల్లకు 6 రూపాయల 78 పైసలు, పైతరగతుల పిల్లకు 10 రూపాయల 17 పైసలు, కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు. ఆ బుధవారం 91 మందికీ కలిపితే 803 రూపాయలు. సంత రోజు కాకపోతే టమాట ధర ఒక్కటే ఆ అంకెను కదిలించేయగలదు. వంటవాళ్ల గౌరవ వేతనం కేంద్రం లెక్కలో 2009 నుంచి నెలకు 1000 రూపాయలే, అదీ ఏడాదికి పది నెలలకు. తెలంగాణ తన వంతు వేసి దాన్ని 3000 చేసింది. బిల్లు ఆలస్యమైన నెల ఈ ఆడవాళ్లు కిరాణా కొట్టులో ఖాతా రాయించుకుని పప్పు తెస్తారు. ఇంత కొలత తెలిసిన చేతులకు ఇంత తక్కువ కొలిచి ఇవ్వడం తప్పని నా అభిప్రాయం.

పిల్లలు లేచాక అడుగున మిగిలిన అన్నంతో వాళ్లిద్దరూ గోడనీడన కూర్చుని తిన్నారు. గుండిగలో నీళ్లు పోసి అంటుకున్న మాడు నానబెట్టారు. మాడు అరచేతి వెడల్పు కన్నా ఎక్కువ లేదు. అంచు కిందికి జరిపిన నిప్పులు ఉన్నచోటే అది పట్టింది. వంటక్క దాన్ని గోటితో గీరి చూసి “ఇంకొంచెం ముందే తీయాల్సుండె” అంది. రెండో అమ్మ నవ్వి, మేకుకున్న కాగితం తీసి పొయ్యిలో పడేసింది. “రేపు బేస్తారం. బిర్యాని. ఆలుగడ్డ ఇప్పుడే సూస్కోవాలె” అంటూ గుండిగ బోర్లించి బూడిద, పీచు అందుకుంది.